మైకాయన డిస్కు చేసిన చప్పుడు

మా కోడలి గురించి నేను గొప్పగా చెబితే ఎవరూ నమ్మరు. అత్త నోటి నుంచి కోడలి పొగడ్త వస్తే ఇందులో ఏదో తిరకాసు ఉందనుకుంటారు. మా వీధిలో ఉన్నది అలాంటి మనుషులే. అయినా చెబుతాను. నాకు ముక్కు మీద కోపం ఉన్నమాట నిజమే కానీ, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కోపం ఎప్పుడూ అడ్డం రాలేదు.

మా ఇంటి ముందు గదే తన దుకాణం. వీధివైపు తలుపు, దాని పక్కన కిటికీ, కిటికీ కింద పొడుగాటి బల్ల. బల్ల మీద మెడ వంచే దీపం, భూతద్దం, పుల్లల్లాంటి స్క్రూడ్రైవర్లు, స్పిరిట్ సీసా, అరిగిపోయిన టూత్‌బ్రష్‌లు, బడిపిల్లలు వాడే రబ్బరు ముక్కలు. గోడ అరల్లో చచ్చిపోయిన హార్డ్ డిస్కులు దొంతర్లుగా ఉంటాయి. వీటిని పారెయ్యొచ్చుగా అమ్మాయ్ అంటే, ఒకదాని భాగం ఇంకోదానికి ప్రాణం పోస్తుందత్తయ్యా అంటుంది. మనం కంప్యూటర్‌లో దాచుకునే ఫొటోలూ పాటలూ అన్నీ ఆ అరచేతంత ఇనప డబ్బాలో ఉంటాయట. లోపల అద్దంలాంటి రేకు ఒకటి గిర్రున తిరుగుతుంటే, దానికి తగిలీ తగలనంత ఎత్తులో సూదిలాంటిది తేలుతూ చదువుతుందట. ఆ సూది రేకును గీకిందా, దాచుకున్నదంతా గంగపాలే. ఇదంతా తను నాకు భోజనాల దగ్గర చెప్పింది. సగం అర్థమైంది, మిగతా సగం అర్థమైనట్టు తలూపాను.

వీధిలో తనను డిస్కులమ్మాయి అంటారు. తను లోపల బల్ల దగ్గర ఉంటే నేను గుమ్మం పక్కన పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చుని వచ్చేవాళ్ళను పలకరిస్తుంటాను. అది పలకరింపు కాదు, దబాయింపు అంటాడు మా అబ్బాయి. వాడికేం తెలుసు, పగలంతా ఆస్పత్రిలో లిఫ్టులు చూసుకుంటూ కిందికీ పైకీ తిరుగుతుంటాడు.

మా కోడలికి ఒక పద్ధతి ఉంది. ఎవరైనా చప్పుడు చేస్తున్న డిస్కు తెస్తే ముందు దాన్ని ముట్టుకోదు. తెచ్చినవాళ్ళను స్టూలు మీద కూర్చోబెట్టి, అది ఏం చప్పుడు చేస్తోందో నోటితో చేసి చూపించమంటుంది. ఎంత పెద్దమనిషి అయినా సరే, చెయ్యాల్సిందే. నల్లకోటు వేసుకున్న లాయరుగారు ఒకాయన వీధిలోకి అటూ ఇటూ చూసి, తలుపు ఓరగా వేసి, అప్పుడు కీచుమన్నాడు. ఒక డాన్సు మాస్టారైతే చేతులు కూడా తిప్పాడు. అలాంటప్పుడు నేను పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటాను. ఈ బాధంతా దేనికి, కరెంటు పెట్టి నువ్వే వినొచ్చుగా అని ఒకసారి అడిగాను.

"కరెంటు ఇచ్చిన ప్రతిసారీ దానికి ఇంకో దెబ్బ తగులుతుందత్తయ్యా. వాళ్ళు ఒకసారి ఎలాగూ విన్నారు. ఆ విన్నది వాళ్ళ చెవిలోనే ఉంటుంది. ముందు అది తీసుకుందాం."

ఇంకొకటి, కర్ర. మా కోడలి తండ్రి నీళ్ళ మోటార్లు బాగుచేసేవాడు. తిరుగుతున్న మోటారుకు చెక్కపుల్ల ఒక చివర ఆనించి, రెండో చివర చెవి ముందున్న ఎముకకు తాకించి, లోపల ఏది అరిగిందో చెప్పేవాడట. పెళ్ళై మా ఇంటికి వచ్చినప్పుడు చీరల మధ్యలోంచి ఆ కర్ర బయటపడింది. మా అమ్మాయి దాన్ని చూసి, మమ్మల్ని కొట్టడానికి తెచ్చుకున్నావా వదినా అంది. మా కోడలు నవ్వి, దాన్ని ఆ బల్ల పక్కనే మేకుకు తగిలించింది. ఇప్పటికీ అక్కడే ఉంటుంది. దాని మీద ఎవరు చెయ్యి వేసినా నేనే ఊరుకోను.

ఇక మైకాయన సంగతికి వస్తాను.

మా ఊళ్ళో బస్సెక్కిన ప్రతివాళ్ళకూ ఆయన గొంతు తెలుసు, ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏది ఆలస్యమో చెప్పేవాడు. మరిచిపోయిన గొడుగుల గురించి, తప్పిపోయిన పిల్లల గురించి కూడా అంతే నిదానంగా చెప్పేవాడు. పక్కింటి పెద్దాయన పిలిచి చెబుతున్నట్టు ఉండేది. బస్సు రద్దయిందని ఆయన చెబితే కోపం వచ్చేది కాదు. నాకే రాలేదంటే చూసుకోండి.

ఆ రోజు పొద్దున్న మా గుమ్మంలోకి ముందు ఒక ఆవిడ వచ్చింది. వస్తూనే గడప తట్టుకుంది, చేతిసంచి జారి స్టూలు మీద పడింది, స్టూలు పోయి నా కాలి మీద పడింది. నేను నోరు తెరిచేలోపే, వెనకాల మెడకు మఫ్లరు చుట్టుకున్న ఆయన వచ్చి స్టూలు లేపి, నాకు చేతులు జోడించాడు. ఆయన భుజానికి తాడుతో ఒక పలక వేలాడుతోంది. ఈయన బస్టాండులో మైకు చెప్పేవారండీ అంది ఆవిడ. నేను ఠక్కున లేచి నిలబడ్డాను. నా కుర్చీలో నేను తప్ప ఎవరూ కూర్చోకూడదని రూలు. ఆ రోజు ఆయన్ను కూర్చోబెట్టాను.

గొంతులో జబ్బు వచ్చిందట. గొంతుపెట్టె తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారట డాక్టర్లు. తీసేశారు. మెడ దగ్గర చిన్న రంధ్రంలోంచి ఊపిరి తీసుకుంటున్నాడు, ఇక మాట లేదు. అయితే ఆస్పత్రివాళ్ళు ముందే ఒక ఉపాయం చెప్పారు. ఆపరేషనుకు ముందు మేమిచ్చే వాక్యాలన్నీ చదివి రికార్డు చెయ్యండి, వాటిలోంచి ఒక యంత్రం మీ గొంతునే తయారుచేస్తుంది, తర్వాత మీరు ఏది టైపు చేసినా మీ గొంతుతోనే పలుకుతుంది అన్నారు. ఆయన వెనక గది కిటికీలకు దుప్పట్లు కట్టించి, వారాల తరబడి కూర్చుని చదివాడు. అవయ్యాక ఇంట్లో తను రోజూ అనే మాటలు కూడా తనంతట తాను చదివి పెట్టాడు. అన్నీ ఒక్క డిస్కులో ఉన్నాయి. కాపీ తియ్యలేదా అని అడిగితే, కొన్ని సరిగ్గా రాలేదని ఈయన మళ్ళీ మళ్ళీ చదువుతూ ఉన్నారు, పూర్తయ్యాక తీద్దామనుకున్నాం, ఈలోగా ఆపరేషన్ ముందుకు జరిగింది అంది ఆవిడ.

ఆపరేషనై ఇంటికి వచ్చాక ఆయన రోజూ కాసేపు కంప్యూటర్ ముందు కూర్చుని తన గొంతు తను వినేవాడట. అలా వింటుండగా ఆవిడ నారింజ రసం తెచ్చి ఇవ్వబోయింది. చేతిలోంచి గ్లాసు జారింది. రసమంతా తిరుగుతున్న డిస్కు మీద పడింది.

"ఇంట్లో ఏదో ఒకటి ఒలకబొయ్యని రోజు లేదు వదినగారూ. ఇన్నేళ్ళలో ఒక్క మాట అనలేదు ఈయన. ఇప్పుడు ఏమనుకుంటున్నారో తెలిసే దారి లేదు."

ఆయన వెంటనే పలక మీద పర్వాలేదు అని రాసి చూపించాడు. అది కొత్తగా రాస్తున్న మాట కాదు, చాలాసార్లు రాసి రాసి పలక అరిగిన చోటే మళ్ళీ రాశాడు. ఆవిడ దానివైపు చూడను కూడా లేదు. రాతలో ఏం తెలుస్తుందండీ, కోపంగా రాశారో మామూలుగా రాశారో అంది నాతో. ఆయన గొంతు పోవడం ఒక దెబ్బ. దాచుకున్న గొంతు తన చేతిమీదుగా పోవడం ఆవిడకు అంతకన్నా పెద్ద దెబ్బ.

మా కోడలు ఎప్పటిలాగే చప్పుడు చేసి చూపించమంది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, టిక్కు టిక్కు గర్ర్, టిక్కు టిక్కు గర్ర్ అంది. గర్ర్ అనేసరికి మా కోడలి ముఖం మాడిపోయింది. నాకు తెలుసు ఎందుకో. గర్ర్ అంటే సూది రేకును గీకుతోందన్నమాట. అలాంటి డిస్కుకు తను కరెంటు ఇవ్వనే ఇవ్వదు. దుమ్ము సోకని గదులున్న పెద్ద వర్క్‌షాపుకు పంపమంటుంది. అక్కడ కూడా గీతలు పడ్డది గీతలు పడ్డదే.

ఆ మాట చెప్పబోతుంటే మైకాయన కాదని గట్టిగా తలూపాడు. నోటితో చేసి చూపించడానికి ఆయనకు గొంతు లేదు. చుట్టూ చూసి, నా చేతిలోని పేపరు తీసుకుని బల్ల మీద పరిచాడు. అరచెయ్యి దాని మీద పెట్టి గుండ్రంగా రుద్దడం మొదలుపెట్టాడు. మెల్లగా మొదలై వేగం అందుకుంది. డిస్కు తిరగడం అచ్చం అలాగే ఉంటుంది. అప్పుడు రెండో చేతి గోటితో బల్ల అంచు మీద కొట్టాడు. టిక్కు. కాస్త ఆగి టిక్కు. అంతే ఆగి మళ్ళీ టిక్కు. తర్వాత అరచేతి వేగం తగ్గి, నిలిచిపోయింది.

మళ్ళీ ఒకసారి చెయ్యండి బాబాయిగారూ అంది మా కోడలు, కళ్ళు మూసుకుని. ఆయన మళ్ళీ చేశాడు. వెంట్రుకవాసి తేడా లేదు. జీవితమంతా క్షణాలు చూసుకుంటూ మైకు చెప్పిన మనిషి కదా. గర్ర్ అనే చప్పుడు లేదా అని అడిగితే లేదన్నట్టు తలూపాడు. ఉంది, నేను విన్నాను అంది ఆవిడ. లేదు అని ఆయన పలక మీద రాశాడు. ఉందండీ అని ఆవిడ. ఆయన లేదు కింద గీత కూడా గీశాడు. గొంతు లేకపోయినా మొగుడూ పెళ్ళాల పోట్లాటకు ఏం లోటు రాలేదు. మధ్యలో తీర్పు చెప్పడానికి నేను సిద్ధమవుతుంటే మా కోడలు చెయ్యెత్తి ఆపింది.

తను ఇద్దరినీ ఒకటే అడిగింది, ఎప్పుడు విన్నారని. ఒలికిన రోజు, అని రాశాడు ఆయన. ఆవిడ చూపు దించుకుని చేతిసంచి పట్టీ మెలితిప్పసాగింది.

"మీరిద్దరూ నిజమే చెబుతున్నారు పిన్నిగారూ. మీరు విన్నది తర్వాతెప్పుడో. మధ్యలో దీన్ని ఏం చేశారు?"

ఆవిడ అప్పుడు ఒప్పుకుంది. తడిసిన ఫోనును బియ్యంలో పెడితే ఆరిపోతుందని ఎవరో అన్నారట. ఆయనకు తెలియకుండా డిస్కును బియ్యం డబ్బాలో పాతిపెట్టింది. ఆయన నిద్రపోయినప్పుడల్లా తీసి, కంప్యూటర్‌కు తగిలించి, బాగైందేమోనని చూసి, మళ్ళీ పాతిపెట్టింది. ఇంకా నయం, కడిగి పొయ్యి మీద పెట్టలేదు అనేశాను నేను. మా కోడలు నావైపు ఒక చూపు చూసింది. ఆ చూపుకు మా అబ్బాయే కాదు, నేనూ నోరు మూసుకుంటాను.

తను డిస్కు పైనున్న ప్లాస్టిక్ తొడుగును ఊడదీసింది. బియ్యపు గింజలు బల్ల మీద రాలాయి. కొన్ని విరిగి నూకలయ్యాయి. రాలకుండా లోపల మూలల్లో ఇరుక్కున్నవి కూడా ఉన్నాయి. డిస్కు తీసేసిన ఆ తొడుగును ఆవిడ చెవి దగ్గర పెట్టి ఆడించింది. గర్ర్ మంది. ఇదేనా అని అడిగితే ఆవిడ అవునని తలూపి, అక్కడే స్టూలు మీద కూలబడింది. మమ్మల్నందరినీ హడలగొట్టిన చప్పుడు బియ్యపు గింజలది.

ఇక మిగిలింది మైకాయన చేసి చూపించిన టిక్కు. మా కోడలు దాన్ని వాళ్ళకు విడమరిచి చెప్పింది. రేకు బాగా తిరుగుతోంది, అది అదృష్టం. సూది చదవడానికి వెళుతోంది, ఏమీ దొరక్క వెనక్కి వచ్చేస్తోంది, కౌంటరు మూసుంటే వెనక్కి తిరిగొచ్చే మనిషిలాగా. సూదే దెబ్బతిని ఉండొచ్చు. లేదా సూది చదివినది బయటికి వచ్చే దారిలో రసం గడ్డకట్టి ఉండొచ్చు. సూది పోతే తన చేతుల్లో లేదు. దారి మూసుకుపోతే మాత్రం తన పనే. ఉన్నదున్నట్టు చెప్పింది, ఆశ పెట్టలేదు, భయపెట్టలేదు. నాకు ఆ మాట తీరు చూస్తే కడుపు నిండిపోతుంది.

డిస్కు వెనక కరెంటు దారులన్నీ ఉండే పచ్చ పలకను మరలు విప్పి తీసింది. కింద రసం ఎండి గోధుమరంగు అట్టలా పట్టింది. ఆ పలక మీద, డబ్బాకు తగిలే రాగి చుక్కలన్నీ నల్లబడిపోయాయి. భూతద్దం పెట్టి డబ్బా మీదున్న ఒక సన్న రంధ్రం చూసింది. ఇది దీని ఊపిరి రంధ్రం, ఇక్కడికి తడి రాలేదు, వచ్చుంటే లోపలంతా పోయేది అంది. మైకాయన చెయ్యి తెలియకుండానే మఫ్లరు మీదికి వెళ్ళింది.

స్పిరిట్‌తో కడిగి, బ్రష్‌తో తుడిచి, నల్లబడ్డ చుక్కల్ని ఒక్కొక్కటిగా బడిపిల్లల రబ్బరుతో రుద్దింది. గట్టిగా రుద్దితే చుక్క ఊడిపోతుంది, మెల్లగా రుద్దితే నలుపు పోదు. ఆవిడ సాయం చేస్తానని రెండుసార్లు లేచింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. మీ చేతులకు ఈ రోజు సెలవు వదినగారూ అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నేను చెయ్యి వదల్లేదు.

అన్నీ ఆరాక పచ్చ పలక బిగించి, కర్ర తీసి ఒక చివర డిస్కు మీద, ఒక చివర చెవి ముందు ఆనించి, కరెంటు ఇచ్చింది. రేకు తిరగడం మొదలైంది. టిక్కు మంది. మా కోడలు కదల్లేదు. ఇంకో టిక్కు రావాల్సిన చోట రాలేదు. బల్ల కింద బిగబట్టి ఉన్న తన కాలివేళ్ళు వదులయ్యాయి. అవి నేను చూశాను, వాళ్ళు చూడలేదు.

కంప్యూటర్ తెర మీద పెట్టెల్లాంటి రెండు ఫోల్డర్లు కనబడ్డాయి. ఒకదాని పేరు ఆస్పత్రి, ఇంకోదాని పేరు ఇల్లు. ఇది ఎంతసేపు బతుకుతుందో చెప్పలేను, ఏది ముందు నా డిస్కులోకి కాపీ తియ్యమంటారు అని అడిగింది మా కోడలు. ఇంటివి అంది ఆవిడ ఆత్రంగా. ఆయన ఆస్పత్రి అని రాశాడు. వాటిలోంచే కదా కొత్త మాటలన్నీ పుట్టాల్సింది. గొంతు బాబాయిగారిది, ఆయన మాటే ఖాయం అని మా కోడలు ఆ పెట్టెతో మొదలుపెట్టింది.

ఎంత ఓపిక ఆ పిల్లది. మధ్యలో డిస్కు మళ్ళీ టిక్కుమంటే చటుక్కున కరెంటు తీసేసేది. చల్లారనిచ్చి, చుక్కలు మళ్ళీ తుడిచి, కర్ర ఆనించి విని, ఆగిన చోటి నుంచి తియ్యడం మొదలుపెట్టేది. పొద్దున్న బల్ల మీదున్న ఎండ గోడెక్కి, గోడ దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. వేరే బేరాలు వస్తే నేను గుమ్మంలోనే ఆపి పంపేశాను. దబాయించాననే అనుకోండి. ఆస్పత్రి పెట్టె మొత్తం వచ్చింది, ఒక్క వాక్యం పోలేదు. ఇల్లు పెట్టె చాలావరకు వచ్చాక డిస్కు ఒక్కసారి గట్టిగా కొట్టుకుని ఆగిపోయింది. తను కర్ర ఆనించి చాలాసేపు విని, ఇక దీన్ని బాధపెట్టొద్దు అని పక్కన పెట్టింది.

వచ్చినవి సరిగ్గా వచ్చాయో లేదో ఒకటైనా విని చూడాలి. మనుషుల సొంత మాటలు మా కోడలు ఎప్పుడూ తనంతట తాను తెరవదు. మౌస్ ఆయన చేతికిచ్చి, ఏదో ఒకటి మీరే పెట్టండి బాబాయిగారూ అంది. ఇల్లు పెట్టెలో పేర్లు లేవు, అన్నీ అంకెలే. ఏ అంకెలో ఏ మాట ఉందో ఆయనకు తెలుసు. కిందికి వెళ్ళాడు, వెతికాడు, అది రాలేదేమోనని ఒక క్షణం ఆగాడు. దొరికింది. నొక్కాడు.

మా ముందు గదిలో బస్టాండు గొంతు పలికింది. అదే నిదానం, అదే పక్కింటి పెద్దాయన పిలుపు.

"పోనీలే, ఒలికితే ఒలికింది. నీ మీద పడలేదు కదా?"

ఆపరేషనుకు ముందే, దుప్పట్లు కట్టిన గదిలో కూర్చుని చదివి పెట్టుకున్న మాట అది. ఇంట్లో రోజూ అనే మాటల్లో అది అవసరం పడుతుందని ఆయనకు తెలుసు.

ఆవిడ ఎదురుగా ఉన్న భర్తనూ చూడలేదు, పలకనూ చూడలేదు. ఆ కంప్యూటర్ డబ్బా వైపే చూస్తూ జవాబిచ్చింది.

"పడలేదండీ."

ఆయన మళ్ళీ నొక్కాడు. ఆవిడ మళ్ళీ పడలేదండీ అంది. ఈసారి ఆయన చెయ్యి పట్టుకుని అంది.

మా కోడలు వాళ్ళవైపు వీపు పెట్టి, కర్రను మేకుకు తగిలించి, బల్ల మీది బియ్యపు గింజల్ని అరచేతిలోకి ఊడుస్తోంది. అంతసేపూ బండరాయిలా ఉన్న పిల్ల, కళ్ళు ఎర్రబడి నావైపు తిరిగింది.

"విన్నారా అత్తయ్యా?"

"విన్నానమ్మా," అన్నాను. "వీధంతా నా నోట వింటుంది, చూస్తూ ఉండు."